నూకరత్నం ముక్కూ, ఉత్తుత్తి సీసా

రండర్రా, ఇలా దగ్గరికి జరగండి. ఆ ఫ్యాను రొదలో నా మాట మీదాకా రాదు, గొంతు పెంచితే నాకు దగ్గు. ముక్కు కారేవాళ్ళు ముందు కూర్చోండి, ఇది మీ కథే. కారనివాళ్ళు వెనక కూర్చుని నవ్వకుండా వినండి. ముక్కన్నాక ఎవరిదైనా ఎప్పుడైనా కారుతుంది. దానికి పెద్దా చిన్నా లేదు, చదువూ సంధ్యా లేదు. ఈ కథలో తేలేదీ అదే.

నూకరత్నం అని ఒకావిడ ఉండేది. గోదావరి పాయ పక్కన లంక ఊరు వాళ్ళది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళంతా సంఘం పెట్టుకుని పూతరేకులు చేసేవారు. పూతరేకు మీకు తినడమే తెలుసు. కుండ బోర్లించి, లోపల ఎండు కొబ్బరాకుల మంట పెడతారు. పల్చటి బియ్యప్పిండి నీళ్ళలో గుడ్డ ముంచి, కాగిన కుండ వీపు మీద ఒక్క లాగు లాగుతారు. రెప్ప వేసేలోగా రేకు లేచి రావాలి. నూకరత్నం తీసిన రేకు అడ్డం పెట్టుకుని చూస్తే అవతల మనిషి నవ్వుతున్నాడో, ఏడుస్తున్నాడో తెలిసేది. అత్తగారి దగ్గర నేర్చిన చెయ్యి అది. ఆ అత్తగారు పుట్టి బుద్ధెరిగి ఎవర్నీ మెచ్చుకున్న మనిషి కాదు. కోడలి రేకు చూసినప్పుడు మాత్రం "ఊఁ" అనేది. ఆ "ఊఁ" కోసమే నూకరత్నం కాపురం చేసిందని ఊళ్ళో అనుకునేవారు.

అలాంటి మనిషికి ముక్కు తిరగబడింది. జ్వరం లేదు, దగ్గు లేదు. పొగ తగిలితే కారేది, గాలి తగిలితే కారేది. తలుపు తీస్తే కారేది, వేస్తే కారేది. మిరియాల కషాయం అయింది, పసుపుకొమ్ము పొగ అయింది, తలకు పట్టీ అయింది. ఏళ్ళు గడిచాయి, ముక్కు మాత్రం పంటకాలవలా పారుతూనే ఉంది. చివరికి ఒకనాడు కుండ ముందు కూర్చుని తుమ్మింది. పక్కన దొంతరగా పేర్చిన రేకులన్నీ ఒక్కసారి లేచి, కొంగల గుంపులా వాకిట్లోకి ఎగిరిపోయాయి. అందులో ఒకటి, ఖర్మ కాలి అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టిన ఆహార తనిఖీ అధికారి కళ్ళజోడు మీద వాలింది.

ఆయన ఆ రేకు తీసి నోట్లో వేసుకుని, బాగుందని తల ఊపి, ఆపైన నోటీసు రాశాడు: "నాసికాస్రావం గల వ్యక్తి ఉత్పత్తి స్థలమునకు దూరముగా ఉండవలెను. గుర్తింపు పొందిన సంస్థ నుండి స్వస్థతా పత్రము సమర్పించినచో పునఃప్రవేశమునకు అభ్యంతరము లేదు."

సంఘం పెద్ద గంగాభవాని ఆ కాగితం పట్టుకుని వచ్చింది. "నన్నేం చెయ్యమంటావు వదినా? మాఘమాసం ముహూర్తాలు మొదలయ్యేలోగా కాగితం తెచ్చుకో, కుండ నీదే. తేలేదనుకో, వీరలక్ష్మిని ఖాయంగా కూర్చోబెట్టేత్తాను. ఒకసారి కూర్చోబెట్టాక మళ్ళీ లెగమంటే లెగుద్దా?"

వీరలక్ష్మి నూకరత్నానికి తోడికోడలు. ఆవిడ తీసిన రేకుతో ఇల్లు నేసుకోవచ్చు. అయినా కాగితం వచ్చేదాకా అని చెప్పి, ఆ రోజు నుంచి కుండ ముందు ఆవిడే కూర్చుంది. నూకరత్నానికి వాకిట్లో కూర్చుని డబ్బాలకు రిబ్బను కట్టే పని ఇచ్చారు. లోపల్నుంచి రేకు పెటపెట విరిగిన చప్పుడు వినిపించినప్పుడల్లా ఆవిడకు ముక్కుతో పాటు కళ్ళూ కారేవి.

అలా కార్తీకమాసంలో బస్సెక్కి పట్నంలో నాసికా పరిశోధనాలయానికి వెళ్ళింది. మూడంతస్తుల మేడ. లోపలంతా ముక్కు బొమ్మలే.

ముందు ఆవిడకు ఏది సరిపడదో చూశారు. చేతి మీద వరసగా గీతలు గీసి పిల్లి బొచ్చు, పాత దుప్పటి దుమ్ము, పుప్పొడి, చివరికి బొద్దింక పొడి కూడా రాసి చూశారు. చెయ్యి చెక్కు చెదరలేదు. డైరెక్టరు డాక్టర్ పరాంకుశం గారు లేచి నిలబడి నమస్కారం పెట్టారు.

"అభినందనలమ్మా! మీకు సరిపడనిదంటూ సృష్టిలో లేదు. మీది అకారణ దీర్ఘకాలిక నాసికాస్రావం."

"అంటే ఏంటండి?"

"కారణం ఉంటే అది వేరే జబ్బు. కారణం లేకపోవడమే దీని ప్రధాన లక్షణం."

"మా తోడికోడలు కూడా కారణం లేకుండానే ఏడుత్తదండి. ఆవిడకీ ఇదేనాండి?"

పరాంకుశం గారు వెంటనే కొత్త మందు సంగతి ఎత్తుకున్నారు. పేరు తిలతైల నాసికా తుషారం. అంటే ముక్కులోకి చిమ్మే సీసాలో నువ్వుల నూనె, అంతే. దాన్ని పరీక్షించడానికి ముక్కు కారే పెద్దవాళ్ళు కావాలి. పరీక్ష పూర్తయ్యాక సంస్థే పత్రం ఇస్తుంది. నూకరత్నం అప్పటికప్పుడు ఒప్పేసుకుంది.

మిగతాది ఎస్తేరు సిస్టరు విడమరిచి చెప్పింది. "సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తి సీసా. ఎవరికేది పడిందో మీకు తెలీదు, నాకు తెలీదు, డైరెక్టరు గారికీ తెలీదు."

"మరెవరికి తెలుసు సిస్టరూ?"

"పైన బీరువాలో ఉంటది."

"అయితే బీరువాకి తెలుసన్నమాట."

"ఆయ్, దానికొక్కదానికే."

ఆ పద్ధతి మంచిదే, తప్పు పట్టకండి. ఇది మందు అని చెబితే మనసు ముందే సగం నయం చేసేసుకుంటుంది. మందు గొప్పో, మనసు గొప్పో తేలాలంటే దాచాల్సిందే. కాకపోతే ఎంత మంచి పద్ధతైనా పెద్దాఫీసు చేతిలో పడితే, కోతి చేతికి కొబ్బరికాయ దొరికినట్టే.

మొదట ఉత్తుత్తి సీసాల్లో మంచినీళ్ళు పోశారు. వసారాలో బల్లల మీద కూర్చుని అందరూ చిమ్ముకున్నారు. ఆర్టీసీ కండక్టరు వీర్రాజు గట్టిగా పీల్చి, "అబ్బ! ఆవకాయ కలిపిన చెయ్యి వాసనొత్తందండి. అన్నం ఉంటే పెట్టండి సిస్టరూ!" అన్నాడు.

"నాకేం రాలేదు. నాది కుళాయి నీళ్ళే," అంది పక్కనున్న టీచరమ్మ.

"నాదీ నీళ్ళేనండి," అంది నూకరత్నం. "అదైనా గోదారి నీళ్ళు కావు, చప్పగా ఉన్నాయి."

ఇంకేముంది, గుట్టు రట్టయింది. పై అంతస్తులో గోప్యతా సంఘం సమావేశమైంది. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది: "వాసన చూచుట ద్వారా రహస్యము బహిర్గతమగుచున్నందున, ఔషధ ప్రయోగ సమయమున నాసికకు క్లిప్పు ధరింపజేయవలెను."

ఎస్తేరు సిస్టరు క్లిప్పుల డబ్బా పట్టుకుని డైరెక్టరు గారి గదికి వెళ్ళింది. "ముక్కు మూసేత్తే మందెక్కడ కొట్టాలి సార్?"

పరాంకుశం గారు దీర్ఘంగా ఆలోచించారు. "సిస్టర్, క్లిప్పు వాసనకు మాత్రమే వర్తిస్తుంది. మందుకు వర్తించదు."

"ఆ సంగతి క్లిప్పుకు చెప్పారా సార్?"

క్లిప్పులు ఆ వారమే పోయాయి. ఈసారి నీళ్ళలో నువ్వుల వాసన కలిపారు. అందరికీ ఆకలి వేసింది గానీ, మందు పడ్డవాళ్ళ మూతి నిగనిగలాడింది, తక్కినవాళ్ళది తడిసి ఊరుకుంది. వీర్రాజు జేబురుమాలు విప్పి నూనె మరక చూపించి, ఎన్నికల్లో గెలిచినట్టు వసారా అంతా తిరిగాడు. మర్నాడు ఉత్తర్వు: "పరిశోధనాలయ ప్రాంగణమున జేబురుమాలు, తువాలు, పైటచెంగు వినియోగము నిషేధము." ముక్కు కారేవాళ్ళ ఆసుపత్రిలో గుడ్డ నిషేధించారు, తెలిసిందా? ఆ వారం ఎలా గడిచిందో చెప్పను, మీలో అన్నం తినాల్సినవాళ్ళున్నారు.

గణాంకాధికారి భుజంగరావు గారని ఒకాయన ఉండేవాడు. మనిషి కన్నా ముందు ఆయన కళ్ళజోడు గదిలోకి వచ్చేది. ఆయన లేచి, "నీరు నూనెను అనుకరించజాలదు. నూనెను నూనెయే అనుకరించవలెను," అని తీర్మానం పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఉత్తుత్తి సీసాల్లో కొబ్బరినూనె పోశారు.

అప్పటికి పుష్యమాసం వచ్చింది. పొద్దున్నే మంచు. పుష్యమాసంలో కొబ్బరినూనె ఏమవుతుందో మీ జడలనడగండి. వసారాలో సగం మంది ముక్కుల్లో నూనె పేరుకుని కూర్చుంది. నూకరత్నం నోటితో గాలి పీలుస్తూ, "డాకు ఊపిరి ఆడట్లేదడ్డి," అంది. సిస్టరు వాళ్ళందర్నీ ఎండలో వరసగా, తల పైకెత్తి నిలబెట్టింది, వడియాలు ఆరబెట్టినట్టు. ఇంక బీరువా తెరవక్కర్లేదు. ఎండలో నిలబడ్డవాళ్ళు ఉత్తుత్తివాళ్ళు, నీడలో ఉన్నవాళ్ళు మందువాళ్ళు. రోడ్డు మీద పోయే రిక్షావాడికి కూడా తెలిసిపోయింది.

నూకరత్నం సిస్టరు వెంట పడింది. ఊళ్ళో అప్పుడే పెళ్ళిళ్ళ ఆర్డర్లు వస్తున్నాయి. "సిస్టరూ, ఈ దాగుడుమూతలు ఎప్పటికి తేలతాయమ్మా? మాఘం వచ్చేత్తంది. నాకు మందొద్దు, కాగితం చాలు."

"పరీక్ష అయితేనే కాగితమండి నూకరత్నం గారూ. నా చేతిలో ఉంటే ఈ చీటీ మీదే రాసిచ్చేద్దును."

ఆ రోజు గోప్యతా సంఘం భోజనాలు కూడా మాని కూర్చుంది. చివరికి భుజంగరావు గారు తుది ఉత్తర్వు చదివాడు: "నిష్ఫల ద్రావణము అసలు ఔషధముతో రంగునందు, వాసనయందు, రుచియందు, జిగటయందు, పుట్టుకయందు వెంట్రుకవాసి భేదము లేక యుండవలెను."

గానుగ సాయిబు గారిని పిలిపించారు. ఆయన పెద్ద డబ్బాతో నువ్వుల నూనె తెచ్చాడు. సగం ఎడమ చేతి వైపు సీసాల్లో పోశారు, అది మందు. అదే డబ్బాలో మిగిలిన సగం కుడి చేతి వైపు సీసాల్లో పోశారు, అది మందు కాదు. రెండింటినీ రెండు బీరువాల్లో పెట్టి, ఒకటి పొరపాటున రెండోదానిలో కలవకుండా ఇద్దరు కాపలావాళ్ళను వేశారు.

సాయిబు గారు గడ్డం గోక్కున్నాడు. "అయ్యా, రెండూ నా నూనేగా?"

"కాదు," అన్నారు పరాంకుశం గారు. "ఒకటి ఔషధం. రెండోది దానితో సర్వసమానమైన ఔషధం కానిది."

"అయ్యో, నేను పోసేటప్పుడు చూసుకోలేదండి," అన్నాడు సాయిబు గారు మర్యాదగా.

ఇంక ఎవరికీ ఏ తేడా తెలియలేదు. వీర్రాజుకు ఆకలేసింది, టీచరమ్మకు ఆకలేసింది, నూకరత్నానికీ వేసింది. గోప్యతా సంఘం వాళ్ళు కిటికీలోంచి చూసి కళ్ళు తుడుచుకున్నారు. అంత చక్కగా దాచిన రహస్యం ఈ భూమ్మీద ఇంకోటి లేదు, ఎందుకంటే దాచడానికి లోపలేమీ లేదు.

చిత్రం ఏమిటంటే, ముక్కులు ఆరడం మొదలుపెట్టాయి. ఒకరివి కాదు, అందరివీ. ఒకనాడు నూకరత్నం బస్సు దిగి కాలవగట్టున నడుస్తుంటే ఎవరింట్లోనో గోంగూర, ఎండురొయ్యల కూర ఉడుకుతున్న వాసన వచ్చింది. నిలబడిపోయింది. ఎన్నేళ్ళయింది ఆ వాసన తగిలి! ఇంటికి పోకుండా నేరుగా సంఘానికి వెళ్ళింది. వీరలక్ష్మి అన్నానికి లేచి ఉంది. నూకరత్నం చుట్టూ చూసి, కుండ ముందు కూర్చుని, గుడ్డ ముంచి ఒక్క లాగు లాగింది. రేకు లేచింది, పొగ మొహాన కొట్టింది, ముక్కు కదల్లేదు. ఆ రేకు తలుపు సందులోంచి వచ్చే వెలుతురుకు పట్టి చూసుకుంటుండగా వెనక నుంచి గంగాభవాని అంది.

"చూశాను వదినా. నా కళ్ళతో చూశాను. కానీ తనిఖీవోడు నా కళ్ళు ఒప్పుకోడు, కాగితం ఒప్పుకుంటాడు. ముహూర్తాలు ఈ వారమే."

మర్నాడే పరీక్ష ఫలితాలు. హాలంతా నిండింది. బీరువాలు తెరిచారు. భుజంగరావు గారు గొంతు సవరించుకున్నాడు.

"ఔషధము పొందినవారిలో గల ఉపశమనమును, పొందనివారిలో గల ఉపశమనముతో పోల్చగా, భేదము సున్నా. కావున తిలతైల నాసికా తుషారము నిష్ప్రయోజనమని నిర్ద్వంద్వముగా నిరూపితమైనది!"

చప్పట్లు మోగిపోయాయి. అంత కచ్చితమైన సున్నా ఏ దేశంలోనూ ఎవరికీ రాలేదట. పనికిరాదని తేలిన మందు సీసాలను బీరువాలో పెట్టి సీలు వేశారు. ఉత్తుత్తివి మందే కాదు గనక పారెయ్యమన్నారు. ఎస్తేరు సిస్టరు పారెయ్యలేదు, అవి వాడినవాళ్ళకే తలా ఒకటి పంచింది. వీర్రాజు దిగులుగా వచ్చి, "నాకు అసలు మందు పడిందంటండి, నా ఖర్మ. మీ ఉత్తుత్తిదాంట్లోంచి నాలుగు చుక్కలు పొయ్యండి నూకరత్నం గారూ," అని బతిమాలుకున్నాడు.

నూకరత్నం పరాంకుశం గారి ముందు నిలబడింది. "కాగితం ఇప్పించండి బాబూ. నాకు తగ్గిపోయింది."

ఆయన బీరువాలోంచి జాబితా తెప్పించి చూశారు. "మీకు ఇచ్చింది ఔషధం కాదమ్మా. కనక మీకు తగ్గడానికి అవకాశం లేదు."

"తగ్గిందండి."

"తగ్గినట్టు అనిపించింది."

"కారట్లేదు కదండి? చూడండి, గుడ్డ కూడా తెచ్చుకోలేదు."

"కారనట్టు అనిపిస్తోంది. మీకే కాదు, చూసేవాళ్ళకు కూడా అనిపించవచ్చు. మీకు నయమైందని నేను రాస్తే, ఉత్తుత్తి సీసాకు నయం చేసే గుణం ఉందని సంస్థ ఒప్పుకున్నట్టవుతుంది. నా సున్నా ఏమైపోవాలి?"

నూకరత్నం వసారా మెట్ల మీద కూలబడింది. ముక్కు కారలేదు, కళ్ళు మాత్రం కారాయి. ముక్కు బాగుండి కుండ పోగొట్టుకున్న మనిషి లోకంలో తనొక్కతే అనుకుంది.

సరిగ్గా మూడో రోజు ఆఖరిసారి అడుగుదామని మళ్ళీ వచ్చింది. ఆ రోజు మేడంతా పూలదండలు. లోపమే లేని పరీక్ష చేసినందుకు పరాంకుశం గారికి సన్మానం. రాజధాని నుంచి మంత్రిగారు, పెద్దలు వస్తున్నారు. చల్లటి హాలు, అగరొత్తుల పొగ, అత్తరు. నూకరత్నం డైరెక్టరు గారి గది తలుపు దగ్గర నిలబడేసరికి లోపల్నుంచి పెద్ద తుమ్ము వినిపించింది. ఆపైన ఇంకోటి.

పరాంకుశం గారు కుర్చీలో కూలబడి ఉన్నారు. ముక్కు పంటకాలవలా పారుతోంది. పట్టుకండువా సగం తడిసింది. కారణం లేదు.

"నూకరత్నం గారూ," అన్నారు, మొదటిసారి పేరుకు గారు తగిలిస్తూ. "తలుపు వేసి రండి. మీ దగ్గర... ఆ ఉత్తుత్తి సీసా ఏమైనా మిగిలిందా?"

"అసలు మందు మీ బీరువా నిండా ఉంది కదండి?"

"అది పనిచెయ్యదమ్మా. పనిచెయ్యదని నిరూపించినవాణ్ణి నేనే. దాన్ని నా ముక్కులో ఎలా వేసుకుంటాను?" మళ్ళీ తుమ్మారు. "తొందరగా! మంత్రిగారు మెట్లెక్కుతున్నారు."

నూకరత్నం రొంటిన దోపుకున్న సీసా తీసింది. ఇవ్వలేదు, పట్టుకు నిలబడింది.

"నాకు నయమైందని రాయలేరు. సరే. మరేం రాయగలరో మీరే చెప్పండి బాబూ. మీకు చదువుంది."

పరాంకుశం గారు సీసా వైపు చూశారు, తలుపు వైపు చూశారు. కలం తీశారు. ఆ ఒక్క నిమిషంలో ఆయన బుర్ర ఏడాది మొత్తం కన్నా ఎక్కువ పనిచేసింది. ఇలా రాశారు:

"శ్రీమతి నూకరత్నమునకు ఔషధము ఇవ్వబడలేదు. ఔషధము లేకయే ఆమెకు జబ్బు లేదు. కావున ఆమెకు జబ్బు ఎన్నడూ లేదని ధ్రువీకరించడమైనది." కింద సంతకం, ముద్ర.

సీసా చేతులు మారింది. పరాంకుశం గారు రెండు ముక్కుల్లోనూ చిమ్ముకుని, ఇంకోసారి చిమ్ముకుని, ఒక్కొక్క నిమిషమే గోడగడియారంలో చూసుకుంటూ కూర్చున్నారు. ఆయన వేదిక ఎక్కేసరికి ముక్కు ఆరినట్టు అనిపించింది. నువ్వుల నూనె ముక్కుకు ఎందుకూ పనికిరాదని అరగంట సేపు, ఒక్కసారి కూడా చీదకుండా, అనర్గళంగా మాట్లాడారు. హాల్లో చాలామందికి ఎందుకో ఆవకాయ గుర్తొచ్చింది.

నూకరత్నం ఊరు చేరేసరికి సంఘంలో మొదటి పెళ్ళి సరుకు మొదలుపెట్టబోతున్నారు. గంగాభవాని కాగితం పైకి చదివింది. తనిఖీకి వచ్చి ఉన్న అధికారికి ముద్ర నచ్చింది. వీరలక్ష్మి మాత్రం కుండ ముందు నుంచి లేవకుండా చేతులు తిప్పింది.

"జబ్బెప్పుడూ లేదంటన్నాడా? మరి ఇన్నేళ్ళూ కారిందేంటంట?"

"కారినట్టు నీకు అనిపించిందంతే," అంది నూకరత్నం. "లెగు."

గుడ్డ ముంచింది, లాగింది. రేకు లేచింది. మూలన మంచం మీద కూర్చుని అంతా చూస్తున్న అత్తగారు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, కిటికీ వైపు పెట్టి చూసింది. చాలాసేపు చూసింది.

"ఊఁ," అంది.

అదర్రా సంగతి. ఇప్పుడు లేచి పరిగెత్తడం కాదు, మనసులో పెట్టుకోండి. రేపు మీ ఇళ్ళల్లో ఎవరైనా పెద్ద మనిషి, కళ్ళెదురుగా ఉన్నదాన్ని లేదని కాగితం చూపిస్తే, వాదించకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఈ కథ చెప్పండి. చెప్పేటప్పుడు నూకరత్నం రేకు తీసినట్టు చెప్పండి, పల్చగా, చిరక్కుండా, అవతల మనిషి మొహం కనిపించేలాగ.